నాయన షుగరుకు ‘యాంటీఆక్సిడెంట్’ సీసా: ఆ ల్యాబ్ రిపోర్టులో ఉన్నదేంటి, లేనిదేంటి

ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వాళ్ళ నాయనకు 58 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా షుగరు, బీపీ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వేసుకుంటున్నారు. తెలిసినవాళ్ళు ఒకరు అడవి మూలికల సారం అని ఒక సీసా తెచ్చిచ్చారు. తిప్పతీగ, పొడపత్రి, వేగిస, పసుపు, ఉసిరి, ఇంకా రెండు మూడు మూలికలు అందులో ఉన్నాయట. దాంతోపాటు ఒక ల్యాబ్ రిపోర్టు జిరాక్సు. ‘విటమిన్ సి కంటే ఎక్కువ యాంటీఆక్సిడెంట్ శక్తి’ అని అందులో రాసుంది. మాత్రలు ఆపేసి ఇది తాగితే మూడు నెలల్లో షుగరు పోతుందని చెప్పారట. ‘రిపోర్టు నిజమేనా సార్, నాయనకు తాగించొచ్చా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక్క మాట. మాత్రలు ఆపొద్దు. ఇప్పటికే ఆపి ఉంటే ఈ రోజే మీ డాక్టరుకు చెప్పండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను అనంతపురంలో 27 ఏళ్ళు బయోకెమిస్ట్రీ చెప్పాను. పుట్టింది కడప జిల్లాలో, బద్వేలు పక్కన, లంకమల కొండలు కనిపించే ఊళ్ళో. మా జేజి కరక్కాయ, కొండ ఉసిరిక, నేలవేము లేకుండా ఇల్లు నడపలేదు. ఆ మొక్కలంటే నాకు ఇష్టం, గౌరవం. పీజీ పిల్లల ప్రాజెక్టుల కోసం మీ చేతిలో ఉన్నలాంటి రిపోర్టులు నేనే ఎన్నో తయారుచేయించాను. అందుకే ఆ కాగితంలో ఏముంటుందో లోపలి నుంచి తెలుసు.

ఆ రిపోర్టు అబద్ధం కాకపోవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఆ పరీక్ష పేరు డీపీపీహెచ్. అదొక పొడి. మిథనాల్‌లో కలిపితే ముదురు ఊదా రంగు ద్రావణం అవుతుంది. ఆ అణువుకు ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా ఉంటుంది. ఎవరైనా దానికి ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో ఇస్తే ఊదా రంగు పోయి లేత పసుపు అవుతుంది. మొక్క సారం కొంచెం కలిపి, అరగంట చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల కాంతి దగ్గర ఎంత రంగు తగ్గిందో మిషన్‌లో చూస్తాం. రంగు సగం తగ్గడానికి ఎంత సారం పట్టిందో ఆ అంకెను ఐసీ50 అంటాం. ఆ అంకె ఎంత తక్కువైతే సారం అంత బలమైనదని లెక్క. ఈ పద్ధతి 1958 నుంచి ఉంది. ఖర్చు తక్కువ, రెండు రోజుల్లో పిల్లలు నేర్చుకుంటారు, ఫలితం కంటికి కనిపిస్తుంది. అందుకే మన యూనివర్సిటీల్లోనే కాదు, దేశమంతటా వేల ప్రాజెక్టులు దీని మీదే నడిచాయి. పరీక్షగా దాన్ని తప్పు పట్టను. ఈ సారంలో ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థాలు, అంటే యాంటీఆక్సిడెంట్లు, ఉన్నాయా అన్న ఒక్క ప్రశ్నకు అది సరైన జవాబే ఇస్తుంది.

కానీ ఆ ఒక్క ప్రశ్నకే.

ఒక సంవత్సరం మా పిల్లలు లంకమల వైపు నుంచి ఏడు రకాల మొక్కలు తెచ్చి ఆరబెట్టి సారాలు తీశారు. వాటితో పాటు పోల్చి చూడ్డానికి ఊరికే కొన్ని మామూలు వస్తువులు కూడా పెట్టమన్నాను. శెనక్కాయ పప్పు మీది ఎర్ర పొట్టు, చింతగింజ పొట్టు, టీ పొడి, జ్యూస్ అంగడి వెనక పారేసిన దానిమ్మ తొక్క. అందరికంటే ముందు రంగు పోగొట్టింది దానిమ్మ తొక్క. కొండెక్కి తెచ్చిన మొక్కల్లో ఒక్కటి కూడా దాని దరిదాపుల్లోకి రాలేదు. ఆ రోజు పిల్లల ముఖాలు చిన్నబోయాయి. నాకు మాత్రం ఆ ఏడాది పాఠం అంతా ఆ ఒక్క ట్రేలోనే దొరికింది. వగరు ఎక్కడుంటే అక్కడ టానిన్లు ఉంటాయి, టానిన్లు ఉన్నచోట ఈ రంగు పోతుంది. కరక్కాయ కొరికితే నాలుక ఎండినట్టు పట్టేస్తుంది చూడండి, టానిన్లు ఉన్నాయని ఏ మిషనూ లేకుండానే నాలుక చెప్పేస్తుంది.

ఇంకో సంగతి చెప్తాను. పాత ఫొటో స్టూడియోల్లో ఫిల్ము కడిగే డెవలపర్‌లో హైడ్రోక్వినోన్ అనే పదార్థం ఉండేది. డీపీపీహెచ్ పరీక్షలో అది చక్కగా పాసవుతుంది. ఎలక్ట్రాన్లు ఇవ్వడమే దాని పని. ఫిల్ము మీద వెండిని బయటికి తెచ్చేది కూడా ఆ గుణంతోనే. అయినా దాన్ని ఎవరూ తాగరు. ఒక పదార్థం మందా, విషమా, ఏమీ కాదా అన్నది ఈ పరీక్షకు తెలియదు. సీసాలోని సారం పరీక్ష గొట్టంలో విటమిన్ సిని దాటిందంటే, గొట్టంలో దాటిందని మాత్రమే అర్థం.

ఇప్పుడు ఒళ్ళు సంగతికి వద్దాం.

మనం తిన్న అన్నం కణాల్లో ఆక్సిజన్‌తో కలిసి శక్తి అవుతుంది. ఆ పనిలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌ను అంటుకుంటాయి. అలా పుట్టే చురుకైన రూపాలను ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి అతిగా పోగైతే కణం గోడల్లో కొవ్వు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. మూత తీసిపెట్టిన శెనక్కాయ నూనె కొన్నాళ్ళకు పాత వాసన కొడుతుంది కదా, కొవ్వుకు జరిగేది దాదాపు అదే. ముసలితనానికి ఫ్రీ రాడికల్స్ కారణమని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్ళ రక్తనాళాల్లో ఈ ఫ్రీ రాడికల్స్ తాకిడి ఎక్కువన్నది కూడా నిజమే. ఇంతవరకు సీసా అమ్మేవాళ్ళు చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే.

తేడా ఎక్కడంటే, ఫ్రీ రాడికల్స్‌ను అదుపు చేయడానికి ఒంట్లో సొంత ఏర్పాటు ఉంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు అక్కడికక్కడే వీటిని అణిచేస్తుంటాయి. పైగా ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. తెల్ల రక్తకణాలు క్రిములను చంపేది వాటితోనే. కండరం పనిచేసినప్పుడు పుట్టే కొద్దిపాటి రాడికల్స్ ‘ఇన్సులిన్‌కు బాగా స్పందించు’ అని కణానికి కబురు పంపుతాయి. 2009లో జర్మనీలో ఒక పరిశోధన జరిగింది. కుర్రవాళ్ళతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగం మందికి రోజూ విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ళకు ఇన్సులిన్ స్పందన మెరుగుపడింది. వేసుకున్నవాళ్ళకు ఆ లాభం దక్కలేదు. షుగరు ఉన్న మనిషి పొద్దున్నే నడిచి సంపాదించుకునే మేలును యాంటీఆక్సిడెంట్ మోతాదే అడ్డుకునే అవకాశం ఉందన్నమాట. ఈ పరిశోధన చదివిన రోజు నుంచి క్లాసులో నా పాఠం మారింది.

సారం రక్తంలోకి ఎంత చేరుతుందో కూడా ఒక లెక్క వేసి చూడండి. సీసా రిపోర్టులో ఐసీ50 మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు అని ఉందనుకుందాం. మనిషి ఒంట్లో ప్లాస్మా సుమారు మూడు లీటర్లు. గొట్టంలో ఉన్నంత గాఢత రక్తంలో రావాలంటే 150 మిల్లీగ్రాముల సారం ఒకేసారి, ఏమీ పోకుండా, రూపం మారకుండా రక్తంలో ఉండాలి. అలా జరగదు. మొక్కల్లోని పాలీఫినాల్స్‌లో (టానిన్లు కూడా ఈ కుటుంబమే) చాలా భాగం పేగు దాటదు. దాటినదాన్ని కాలేయం వెంటనే మార్చేసి బయటికి పంపిస్తుంది. మామూలుగా తిండి తిన్నాక రక్తంలో కనిపించే పాలీఫినాల్ గాఢత ఒక మైక్రోమోలార్ (గాఢతకు ఒక కొలత) అటూఇటూ. అదే కొలతలో, రక్తంలో విటమిన్ సి 50 దాకా, యూరిక్ యాసిడ్ 200 నుంచి 400 దాకా ఉంటుంది. యూరిక్ యాసిడ్ కూడా ఎలక్ట్రాన్లు ఇచ్చేదే. కాబట్టి సారం నుంచి చేరే ఆ కాస్త, ఎలక్ట్రాన్లు ఇచ్చే పనిలో రక్తంలో ముందే ఉన్నవాటికి కొత్తగా కలిపేది చాలా తక్కువ. 2004లో అమెరికాలోని ఓరెగన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు కొందరికి ఆపిల్ పళ్ళు తినిపించి చూస్తే రక్తంలో యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగింది. తీరా వెతికితే ఆ పెరుగుదల పండులోని పాలీఫినాల్స్ వల్ల కాదు. పండులోని ఫ్రక్టోజ్ అనే చక్కెర వల్ల యూరిక్ యాసిడ్ పెరిగింది, మిషన్‌లో కనిపించింది అదే.

అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఓరాక్ అనే పరీక్షతో వందల ఆహారాలకు యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసి పట్టిక పెట్టింది. కంపెనీలు ఆ మార్కులను డబ్బాల మీద అచ్చేసుకుని అమ్ముకోవడం మొదలుపెట్టాయి. ఆ అంకెలకూ మనుషుల ఆరోగ్యానికీ సంబంధం ఉందన్న ఆధారం లేదని 2012లో ఆ శాఖే పట్టికను తీసేసింది. మీకిచ్చిన జిరాక్సు కూడా అటువంటి మార్కుల కాగితమే.

మనుషుల మీద నేరుగా చేసిన పెద్ద పరిశోధనలు ఇంకా గట్టిగా హెచ్చరించాయి. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల పైచిలుకు మగవాళ్ళ మీద చేసిన పరిశోధన ఫలితం 1994లో వచ్చింది. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో అలాంటిదే ఇంకొకటి నడుస్తుంటే, హాని కనిపించి 1996లో మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ మాత్రలు వాడిన మగవాళ్ళలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో మరో పరిశోధన తేల్చింది. క్యారెట్టూ ఆకుకూరా తినేవాళ్ళకు మేలు కనిపిస్తుంటే, అందులోంచి ఒక్క పదార్థాన్ని పిండి మాత్ర చేస్తే కీడు కనిపించింది.

ఇదంతా చదివి ‘అయితే మూలికలన్నీ దండగే’ అనుకోవద్దమ్మా. అది ఇంకా పెద్ద తప్పు. మొక్కల్లో అసలైన మందులున్నాయి. కానీ అవి పనిచేసేది యాంటీఆక్సిడెంట్లు కాబట్టి కాదు. ఒక ఫలానా అణువు, ఒంట్లో ఒక ఫలానా చోట పట్టుకోవడం వల్ల పనిచేస్తాయి.

బిళ్ళగన్నేరు కథ వినండి. మన సీమలో ప్రతి ఇంటి ముందూ ఉంటుంది, నీళ్ళు పోయకపోయినా పూస్తుంది. షుగరుకు దాని ఆకులు నమిలేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. జమైకాలో కూడా అదే వాడుక ఉండేది. ఆ మాట పట్టుకుని 1950ల్లో కెనడాలో పరిశోధకులు దాని సారాన్ని జంతువులకు ఇచ్చి చూశారు. షుగరు తగ్గలేదు. తెల్ల రక్తకణాలు మాత్రం పడిపోయాయి. వాళ్ళు దాన్ని వదిలేయకుండా వెంటపడితే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది, తర్వాత వేరే పరిశోధకులకు విన్‌క్రిస్టిన్. ఈ రోజు పిల్లల రక్త క్యాన్సర్ వైద్యంలో విన్‌క్రిస్టిన్ లేకుండా జరగదు. అంత గొప్ప మొక్క అది. అదే మొక్క ఆకును షుగరు కోసం రోజూ నమిలితే, తెల్ల రక్తకణాలను దెబ్బతీసే పదార్థాన్ని ఏ కొలతా లేకుండా తిన్నట్టు. మీ వీధిలో ఎవరైనా అలా తింటుంటే దయచేసి చెప్పండి.

మీ సీసాలో ఉన్న వేగిస గురించి మంచి మాట కూడా చెప్పాలి. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగడం మీరు చూసే ఉంటారు. నీళ్ళు తేనె రంగుకు తిరుగుతాయి. ఇది ఎర్రచందనానికి దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి చెట్లు. భారత వైద్య పరిశోధన మండలి కొత్తగా షుగరు బయటపడిన 97 మందికి ఈ వేగిస సారం ఇచ్చి చూసింది. 1998లో ఫలితం ప్రచురించారు. 12 వారాల్లో 67 మందికి రక్తంలో గ్లూకోజు అదుపులోకి వచ్చింది. చిన్న విషయం కాదు. కానీ అందులో పోల్చి చూడ్డానికి ఉత్తుత్తి మందు ఇచ్చిన గుంపు లేదు. ఉన్నవాళ్ళంతా కొత్తగా షుగరు మొదలైనవాళ్ళు, అదీ తక్కువ స్థాయిలో. తొమ్మిదేళ్ళ షుగరుతో రెండు మాత్రల మీద ఉన్న మీ నాయనకు ఆ ఫలితాన్ని తీసుకొచ్చి అతికించలేం. అయినా ఒక మూలికను ఎలా పరీక్షించాలో ఆ పని దారి చూపించింది. మోతాదు కొలిచి, మనుషులకిచ్చి, రక్తం పరీక్షించారు. రంగు పోయిందా లేదా అని చూసి ఆగిపోలేదు.

సారం తీసే పద్ధతి కూడా అంతే ముఖ్యం, దీన్ని మామూలుగా ఎవరూ పట్టించుకోరు. ల్యాబ్‌లో మేం ఆకును నీడలో ఆరబెట్టి, పొడిచేసి, మిథనాల్‌లోనో ఇథైల్ ఎసిటేట్‌లోనో నానబెడతాం. ఇంట్లో కషాయం అంటే నీళ్ళలో వేసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగించడం. ఈ రెండింటిలోకి దిగే పదార్థాలు వేరు. మిథనాల్ సారానికి వచ్చిన అంకెను చూపించి నీళ్ళ కషాయం అమ్మితే, ఒక మనిషి ఫొటో చూపించి ఇంకో మనిషితో పెళ్ళి చేసినట్టు. చైనాలో తూ యూయూ మలేరియాకు ఒక మూలిక సారాన్ని పరీక్షిస్తుంటే ఫలితం నిలకడగా వచ్చేది కాదు. మరిగిస్తే మందు గుణం పోతోందని ఆమె గుర్తించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. అలా ఆర్టెమిసినిన్ దొరికింది. ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. అదే ఆకు, తీసే పద్ధతి ఒక్కటే మారింది. మీ సీసా మీద ఏ ద్రావకంతో తీశారో, సీసాలో ఎన్ని మిల్లీగ్రాములు ఏది ఉందో రాసుందా చూడండి. రాసి ఉండదని నా అనుభవం.

ఇక మీ నాయన విషయంలో నన్ను భయపెడుతున్నవి చెప్తాను.

పొడపత్రి. నమిలితే కాసేపు చక్కెర ఇసుకలా అనిపిస్తుంది, తీపి తెలియదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కప్పేస్తాయి. గ్లూకోజును కూడా కొంత తగ్గించే గుణం దానికి ఉండవచ్చు. నాయన వేసుకుంటున్న గ్లిమెపిరైడ్ కూడా షుగరును బాగా దించే మాత్ర. రెండూ కలిస్తే షుగరు మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. రాత్రి నిద్రలో వస్తే ఎవరూ గమనించరు. నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇలాగే ఆకు పొడి, మాత్ర రెండూ వేసుకుని తెల్లవారుజామున స్పృహ తప్పితే ఇంటివాళ్ళు ఆసుపత్రికి పరిగెత్తారు. ఆయన బతికారు. డాక్టరు అడిగేదాకా ఆకు పొడి సంగతి ఎవరూ చెప్పలేదు.

తిప్పతీగ. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి అంటూ ఇంటింటా కాచి తాగారు. తర్వాత దేశంలో 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి, తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలు 2022లో ప్రచురించారు. తిప్పతీగ సురక్షితమేననీ, దాన్ని పోలిన మరో తీగతో పొరపాటు జరిగి ఉండవచ్చనీ ఆయుష్ శాఖ అంది. ఆ చర్చ ఎలా తేలినా మీకు పనికొచ్చే మాట ఒకటుంది. సీసాలో పడింది ఏ తీగో మీకూ తెలియదు, అమ్మినాయనకూ తెలియకపోవచ్చు.

పసుపు. మైదుకూరు, దువ్వూరు వైపు పండే పసుపును కూరలో వేసుకోవడం గురించి కాదు నేను చెప్పేది. పసుపు పొడిలో కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు మూడు శాతం ఉంటుంది, అదీ ఒంటికి సరిగా పట్టదు. అందుకని సారాల్లో కర్క్యుమిన్‌ను గాఢంగా చేసి మిరియాల్లోని పైపెరిన్ కలుపుతారు. పైపెరిన్ కలిపితే కర్క్యుమిన్ సుమారు 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరిందని బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీవాళ్ళు 1998లో చూపించారు. కర్క్యుమిన్ ఒక్కటే కాదు, మనం వేసుకునే కొన్ని మాత్రలు కూడా అదే దారిన రక్తంలో పెరగవచ్చు. ఇలాంటి గాఢ పసుపు సారాల వల్ల కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వేరే దేశాల్లో నమోదయ్యాయి. కూరలో చిటికెడు వేరు, గాఢ సారం వేరు.

‘ఇంకా రెండు మూడు మూలికలు’ అన్నారు చూడండి, అవేంటో తెలియకపోవడం అన్నిటికంటే ప్రమాదం. మన చేలగట్ల మీద గాడిదగడపాకు పెరుగుతుంది. పురుగులకు, గజ్జికి వాడతారు. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే. 1990ల్లో బెల్జియంలో సన్నబడే మందులో ఇదే జాతి మొక్క పొరపాటున కలిసి, ఎంతోమంది ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. షుగరు, బీపీ ఉన్న మనిషి కిడ్నీలకు ముందే భారం ఎక్కువ. పేర్లు పూర్తిగా రాయని సీసాను ఆయన ముట్టకూడదు.

ఇంట్లో రక్తం తక్కువున్న ఆడవాళ్ళు ఉంటే కరక్కాయ, ఉత్త టీ గురించి కూడా ఒక మాట. శ్రీకాళహస్తి కలంకారీలో బట్టను ముందు కరక్కాయ రసంలో, పాలలో తడుపుతారు. తర్వాత తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళతో గీత గీస్తే నల్లగా తేలుతుంది. టానిన్ ఇనుమును పట్టుకుంటే వచ్చే నలుపు అది. అన్నంతో పాటే వగరు కషాయాలు తాగితే కడుపులో కూడా అలాగే ఇనుమును పట్టేస్తాయి, అది ఒంటికి చేరదు. తాగాలనిపిస్తే భోజనానికి గంటన్నా ఎడం ఉంచండి.

సీసా లేబుల్ మీద ఆయుర్వేద మందుల తయారీ లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. ఫుడ్ లైసెన్సు నంబరు మాత్రమే ఉండి షుగరు పోతుందని చెబుతుంటే అది చట్టానికి విరుద్ధం. షుగరు నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. సీసా, జిరాక్సు రెండూ తీసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. దాచి తాగడం కంటే తిట్టు తినడం మేలు. నాయన ఇప్పటికే కొన్నాళ్ళు తాగి ఉంటే కాలేయం పరీక్ష, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూడు నెలల సగటు షుగరు పరీక్ష చేయించమని అడగండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సయించకపోయినా పరీక్షకు ఆగకుండా వెళ్ళండి. మూలికా వైద్యం మీద నమ్మకం ఉంటే ఆయుర్వేదం చదివిన రిజిస్టర్డ్ డాక్టరు దగ్గరికే వెళ్ళండి, మాత్రల చీటీ చూపించి మాట్లాడండి.

మరి మేలు ఎక్కడుంది అంటే, మీ ఇంట్లోనే చాలా ఉంది. రాగి సంగటి ముద్ద చిన్నది చేసి, ఆకుకూర పప్పు ఎక్కువ పెట్టండి. రాగుల పైపొరలోనే పాలీఫినాల్స్ ఉంటాయి, పీచు కూడా అక్కడే. మునగాకు వారానికి రెండు మూడు సార్లు. ఉడకబెట్టిన శెనక్కాయలు పిడికెడు, పప్పు మీది ఎర్ర పొట్టు తీయకుండా. మనం ఊదేసి పారేసే ఆ పొట్టులో ప్రొసయనిడిన్లు అనే పాలీఫినాల్స్ ఉంటాయి. ఉసిరికాయ ఊరగాయ కాకుండా పచ్చిది ఒకటి, బీపీ ఉంది కాబట్టి ఉప్పు అద్దకుండా. చీనీకాయ రసం తీయకుండా తొనలుగా తినమనండి. ఇవి తింటే మంచిది ఎందుకంటే, ఒక్కొక్క పదార్థాన్ని గొట్టంలో కొలిచినట్టు కాకుండా పీచుతో, నీటితో, వంద రకాల అణువులతో కలిపి నెమ్మదిగా ఒంటికి అందుతాయి. చాలా పాలీఫినాల్స్ పేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి అవుతాయి. కొన్ని చిన్న మోతాదులో కణాన్ని కొద్దిగా కదిలించి, దాని సొంత రక్షణ ఎంజైములను ఎక్కువ తయారుచేసుకునేలా చేస్తాయని ఇప్పుడు పరిశోధకులు ఎక్కువగా అనుకుంటున్నారు. భోజనం తర్వాత పదిహేను నిమిషాలు నడిపించండి. ఆ సీసాకు పెట్టే డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు వస్తాయి.

చివరగా నన్నారి. షర్బత్ తాగించొచ్చా అని మీరు అడగలేదు కానీ ఎండాకాలం వస్తే అడుగుతారు. మన సీమలో షర్బత్‌కు వాడే నన్నారి కొమ్ములు, అంటే వేర్లు, చాలావరకు కొండల నుంచి వచ్చేవే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ పరిశోధకులు ఆ కొమ్ముల నుంచి మంచి యాంటీఆక్సిడెంట్ అణువులు వేరుచేశారు. దాని వాసనకు కారణమైన అణువు వెనిలా వాసననిచ్చే అణువుకు అన్నదమ్ముల్లాంటిది, అవే పరమాణువులు, అమరిక వేరు. ఆ వాసన మా ఇంట్లో ప్రతి ఎండాకాలం ఉండేది. కానీ ఆకు కోస్తే తీగ మళ్ళీ చిగురిస్తుంది, కొమ్ములు తవ్వితే తీగే పోతుంది. ఇప్పుడు అది అంతరించే ప్రమాదంలో ఉన్న మొక్క. ‘యాంటీఆక్సిడెంట్’ అని ఏ వేరుకు పేరొచ్చినా ముందు కొండ మీద గుంతలు పడతాయి. చిన్నప్పుడు మా ఊరి దగ్గర దొరికే చోట్ల ఇప్పుడు వెతికినా కనబడడం లేదు. ఎర్రచందనానికి ఏం జరిగిందో మీ జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు.

షర్బత్ అంటే సగం చక్కెర పాకమే కాబట్టి నాయనకు వద్దు. తోటలో సాగుచేసిన కొమ్ము ఎక్కడైనా దొరికితే వేలెడంత ముక్క కడిగి, కొంచెం చితక్కొట్టి, మట్టికుండ నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి. పొద్దునకు నీళ్ళకు ఆ వాసన పడుతుంది. తీపి లేకపోయినా చల్లగా, ఇష్టంగా తాగుతారు. అదే ముక్కను ఎండబెట్టి మళ్ళీ రెండు మూడు సార్లు వాడుకోవచ్చు.